ఫోను కొనేటప్పుడు వినే మాటలు, రిపేరు బల్ల మీద కనిపించే నిజాలు

తిరుపతిలో గాంధీ రోడ్డుకు దగ్గరగా ఒక సందులో మాది ఫోన్ల రిపేరు కొట్టు. పద్నాలుగేళ్లుగా ఇదే పని. కొత్త ఫోన్లు నేను అమ్మను. ఎక్కడో కొన్న ఫోన్లు రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో నా బల్ల మీదికి చేరుకుంటాయి. అందుకే ఎవరైనా సలహా అడిగితే పెట్టె తెరిచిన రోజు సంగతి నేను ఎత్తను. ఆ రోజు ఏ ఫోనైనా బాగానే ఉంటుంది. మూడో వేసవి నాటికి అది ఎలా ఉంటుందన్నదే నేను చూస్తాను. దుకాణాల్లో, వాట్సాప్‌లో, బంధువుల మధ్య తిరిగే చాలా మాటలు ఈ ఒక్క విషయాన్నే వదిలేస్తాయి. వాటిలో నాకు తరచుగా ఎదురయ్యే కొన్నింటి గురించి రాస్తున్నాను.

అపోహ: ర్యామ్ ఎంత ఎక్కువుంటే ఫోను అంత వేగం, అంత మన్నిక.

పెట్టె మీద "8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. యాప్‌లు నడుస్తున్నప్పుడు ఫోను వాడుకునే మెమరీయే ర్యామ్. రెండో ఎనిమిది ర్యామ్ కాదు. ఫోటోలు, వీడియోలు దాచుకునే స్టోరేజీ నుంచే కొంత భాగం తీసి ర్యామ్‌లా వాడతారు. అసలు ర్యామ్ వేగంతో పోలిస్తే స్టోరేజీ వేగం చాలా తక్కువ. ఆ అంకె చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

దుకాణంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: స్టోరేజీ ఏ రకం? తక్కువ ధర ఫోన్లలో ఇప్పటికీ ఈఎమ్ఎమ్‌సీ రకం వస్తోంది. అందులో 5.1 తరం గరిష్ఠ వేగం సెకనుకు 400 ఎంబీ. యూఎఫ్ఎస్ 2.2 అనే మరో రకం స్టోరేజీ వేగం దానికి రెండు మూడు రెట్లు. కొత్తలో ఈ తేడా తెలియదు. ఫోను నిండేకొద్దీ తెలుస్తుంది. "అన్నా, ఫోను ఆగి ఆగి నడుస్తోంది" అంటూ వచ్చేవాళ్ల ఫోను తెరిచి చూస్తే, చాలాసార్లు 64 జీబీలో ఒకటో రెండో జీబీ మాత్రమే మిగిలి ఉంటుంది. పెళ్లి వీడియోలు, శుభోదయం బొమ్మలు, ఒకే ఫోటో నాలుగు గ్రూపుల నుంచి నాలుగు సార్లు. ఈ రోజుల్లో 128 జీబీకి తక్కువ కొనవద్దనే చెబుతాను. మెమరీ కార్డు వేసుకుంటే సరిపోతుందని కొందరు అంటారు. ఫోటోలకు సరిపోతుంది గానీ, యాప్‌లు చాలావరకు ఫోను సొంత స్టోరేజీలోనే ఉండాలి.

అపోహ: 108 మెగాపిక్సెళ్ల కెమెరా 50 కంటే రెండింతలు మంచిది.

108 మెగాపిక్సెళ్ల కెమెరా మామూలుగా ఫోటో తీసినప్పుడు తొమ్మిది పిక్సెళ్లను కలిపి ఒకటిగా చేస్తుంది. చేతికి వచ్చేది 12 మెగాపిక్సెళ్ల బొమ్మే. 50 ఉన్నది నాలుగేసి కలిపి దాదాపు అంతే ఇస్తుంది. ఐఫోన్‌లో 2015 నాటి 6ఎస్ నుంచి 2022 నాటి సాధారణ 14 వరకు ప్రధాన కెమెరా 12 దగ్గరే ఉంది. ఆ ఏడేళ్లలో ఫోటోలు ఎంత మెరుగుపడ్డాయో అందరూ చూశారు. వెలుతురును పట్టుకునే సెన్సరు పరిమాణం, లెన్సు, లోపలి ప్రాసెసింగు, చేయి వణికినా బొమ్మ చెదరకుండా చూసే ఓఐఎస్ ఏర్పాటు, వీటి వల్లే ఆ తేడా. వెనక వరుసగా పేర్చిన 2 మెగాపిక్సెళ్ల చిన్న కెమెరాలు ఎక్కువగా లెక్క పెంచడానికే ఉంటాయి. దుకాణంలో దీపాల కింద కాకుండా, సాయంత్రం బయట నిలబడి నడుస్తున్న మనిషిని ఫోటో తీసి చూడండి. ఏ కెమెరా ఎంతటిదో ఒక్క నిమిషంలో తేలుతుంది.

ఓఐఎస్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. బైకు హ్యాండిల్‌కు ఫోను బిగించి దారి చూసుకునే కుర్రాళ్ల ఫోన్లు "కెమెరా వణుకుతోంది" అంటూ నా దగ్గరికి తరచుగా వస్తున్నాయి. ఇంజను అదురు ఎక్కువ కాలం తగిలితే ఓఐఎస్ దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో చెప్పింది. హోల్డరు తప్పనిసరైతే అదురును పీల్చుకునే రకం కొనండి.

అపోహ: రాత్రంతా ఛార్జింగులో పెడితే బ్యాటరీ పేలుతుంది, వారానికొకసారి సున్నాకు తేవాలి, ఫాస్ట్ ఛార్జింగ్ బ్యాటరీని తినేస్తుంది.

ఈ మూడింటికీ కలిపి జవాబు చెబుతాను, ఎందుకంటే మూడూ అసలు శత్రువును వదిలేసి వేరేవాళ్ల మీద నేరం మోపుతున్నాయి. సున్నాకు తేవాలన్నది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి అలవాటు. లిథియం అయాన్ బ్యాటరీకి అది మంచి చేయకపోగా చెడు చేస్తుంది. నిండగానే ఛార్జింగును ఆపే సర్క్యూట్ ఫోనులోనే ఉంటుంది. ఎన్ని వాట్లు తీసుకోవాలో ఫోనూ ఛార్జరూ మాట్లాడుకుని నిర్ణయించుకుంటాయి. ఫాస్ట్ ఛార్జింగ్ కూడా మొదటి సగం వేగంగా నింపి, తర్వాత తనంతట తానే నెమ్మదిస్తుంది.

అసలు శత్రువు వేడి. మన ఊళ్లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని తయారీదారే చెబుతాడు. అలాంటి ఎండలో కారు ముందు అద్దం కింద ఫోను వదిలేయడం, ఛార్జింగులో ఉండగా ఆట ఆడటం, దిండు కింద పెట్టి ఛార్జింగు చేయడం, ఇవే నా దగ్గరికి ఉబ్బిన బ్యాటరీలను పంపుతున్నాయి. వెనక మూత కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే ఆ రోజే వాడకం ఆపండి. చేత్తో నొక్కి మూయకండి. ఛార్జింగు అసలే పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీకి చిన్న గాయమైనా మంట లేవవచ్చు. బల్ల పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోకుండా నేను ఆ పనికి కూర్చోను.

కొనేటప్పుడు బ్యాటరీ సామర్థ్యం చెప్పే ఎంఏహెచ్ అంకె ఒక్కటే చూడకండి. ఒకే 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఒక ఫోనులో రోజంతా వస్తుంది, మరోదానిలో సాయంత్రానికే దిగిపోతుంది. ప్రాసెసరు, డిస్‌ప్లే ఎంత కరెంటు లాగుతాయన్నదే ముఖ్యం. 800 సార్లు పూర్తిగా ఛార్జింగు చేశాక కూడా బ్యాటరీలో కనీసం 80 శాతం సామర్థ్యం మిగలాలని ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి నిబంధన పెట్టింది. మన దగ్గర కూడా కొనేవాళ్లు ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాలి.

అపోహ: ఇక్కడ తయారైన ఫోను నాసిరకం, కువైట్ నుంచి వచ్చినదే అసలైనది.

ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. 2015 ఆగస్టులో షావొమీ సంస్థ భారత్‌లో తయారైన తన మొదటి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది. అది తయారైంది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. శ్రీసిటీ ఉన్న సత్యవేడు ప్రాంతం అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. ఏర్పేడు దగ్గర వికృతమాలలో డిస్‌ప్లే ప్యానెళ్లు చేసే టీసీఎల్ కర్మాగారం ఉంది. లిథియం సెల్‌లు చేసే మునోత్ కర్మాగారంలో 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది, అదీ మన తిరుపతిలోనే. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు కంపెనీ బస్సెక్కి వెళ్లి బిగించిన ఫోన్లు దేశమంతా తిరిగాయి. ఈ రోజు దేశంలో అమ్ముడయ్యే ఫోన్లు దాదాపు అన్నీ దేశంలో తయారైనవే. అవి నాసివని నా బల్ల ఎన్నడూ చెప్పలేదు.

గల్ఫ్ నుంచి బంధువులు ప్రేమతో తెచ్చే ఫోన్ల చిక్కు నాణ్యతలో లేదు, వారంటీలో ఉంది. చాలా ఆండ్రాయిడ్ కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. అమెరికా నుంచి వచ్చే ఐఫోన్ అయితే, 14వ మోడల్ నుంచి అక్కడి ఫోన్లలో సిమ్ కార్డు పెట్టే చోటే లేదు, కార్డు లేకుండా ఫోనులోనే ఉండే ఈ-సిమ్ వాడాల్సిందే. తెప్పించుకునే ముందు ఇవి కనుక్కోండి.

అపోహ: 5జీ అని రాసి ఉంటే చాలు.

దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో తిరుమలకు కూడా వచ్చాయి. జియో పూర్తిగా 5జీ మీదే నడిచే ఎస్ఏ పద్ధతిని ఎంచుకుంది. ఎయిర్‌టెల్ 4జీ ఆసరాతో నడిచే ఎన్ఎస్ఏతో మొదలుపెట్టింది. 2024లో వచ్చిన ఒక చౌక 5జీ ఫోను ఎస్ఏలో మాత్రమే పనిచేసేది. 5జీ కోసమే దాన్ని కొన్న ఎన్ఎస్ఏ వినియోగదారులు 4జీతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఫోను రెండు పద్ధతుల్లోనూ పనిచేయాలి, ఎన్28, ఎన్78 అనే 5జీ సిగ్నల్ బ్యాండ్లు ఉండాలి. పదమూడు బ్యాండ్లు, పదహారు బ్యాండ్లు అనే గొప్పలు మనకు అక్కర్లేదు.

అపోహ: ఐపీ68 ఉంటే నీళ్లలో ముంచినా ఏమీ కాదు.

ఐపీ68 అనేది ఫోనులోకి దుమ్ము, నీళ్లు వెళ్లకుండా ఉన్న రక్షణకు ఇచ్చే గుర్తు. ఆ నీటి పరీక్ష కొత్త ఫోనుకు, నిలకడగా ఉన్న మంచినీటిలో చేస్తారు. తలకోన జలపాతం కింద పైనుంచి పడే ధార వేరు. రెండేళ్ల వాడకంలో లోపలి జిగురు పట్టు సడలుతుంది. ఒకసారి మూత తెరిచి రిపేరు చేసిన ఫోనుకు ఆ రక్షణ ఉందని అనుకోకండి. నీళ్లు వెళ్లిన ఫోనుకు చాలా కంపెనీలు వారంటీ కూడా ఇవ్వవు. తడిసిన ఫోనును బియ్యంలో దాచిపెట్టి నాలుగు రోజుల తర్వాత తీసుకొస్తారు. ఆ నాలుగు రోజుల్లో బోర్డు మీద తుప్పు పట్టి ఉంటుంది. వెంటనే స్విచాఫ్ చేసి అదే రోజు తీసుకొస్తే బతికించగలిగినవి ఎన్నో.

అపోహ: జీరో వడ్డీ వాయిదాలంటే ఫోను అసలు ధరకే వచ్చినట్టు.

సున్నా వడ్డీ అనేదే లేదని భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కం ఇచ్చేవాడికి దొరికే తగ్గింపు మీకు దొరకదు. పైగా ప్రాసెసింగు రుసుము, దాని మీద జీఎస్టీ. చదువుకునే పిల్లలు ఏడాది వాయిదాలతో ఖరీదైన ఫోను తీసుకుని, అద్దం పగిలిన రోజున నా ముందు కూర్చుని లెక్కలు వేసుకోవడం చాలాసార్లు చూశాను. అప్పటికి వాయిదాలు ఇంకా సగం ఉంటాయి. డిస్‌ప్లే, టచ్ కలిసి వచ్చే భాగాన్ని మేము కాంబో అంటాం. అంచులు వంగిన అమోలెడ్ రకం డిస్‌ప్లే ఉన్న ఫోనుకు కంపెనీ కాంబో ధర ఒక్కోసారి ఫోను ధరలో సగానికి చేరుతుంది. కొనే ముందే ఆ కంపెనీ సర్వీసు కేంద్రానికి ఫోను చేసి, ఈ మోడల్ డిస్‌ప్లే ఎంత, బ్యాటరీ ఎంత అని అడగండి. చదునైన డిస్‌ప్లే ఉన్న ఫోనునే నేను మా ఇంట్లో అందరికీ కొన్నాను.

బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. ఫోనుకు మామూలుగా ఏడాది, ఛార్జరుకు, కేబులుకు ఆరు నెలలు వారంటీ. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ అనే ఫోను గుర్తింపు సంఖ్యలు బిల్లు మీదా పెట్టె మీదా ఉన్నవాటితో కలవాలి. పాత ఫోను కొంటుంటే కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్యను 14422కు ఎస్ఎంఎస్ చేయండి. దొంగ ఫోనుగా నమోదై ఉంటే అక్కడే బయటపడుతుంది. అమ్మిన దుకాణం వారంటీకి మొండికేస్తే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

అపోహ: అమ్మకు, నాన్నకు మన పాత ఫోను చాలు.

నేను అన్నిటికంటే గట్టిగా వ్యతిరేకించే మాట ఇది. ఫోను బాగా కనిపిస్తున్నా, దానికి భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్నది వేరే లెక్క. 2023 అక్టోబరులో వచ్చిన పిక్సెల్ 8కు, 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లు ఇస్తామని ఆ సంస్థలు ప్రకటించాయి. చౌక ఫోన్లలో రెండేళ్లతో ఆపేసేవీ ఉన్నాయి. ఈ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాకుండా ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి నడుస్తుంది. పండుగ తగ్గింపులో దొరికిన రెండేళ్ల నాటి మోడల్‌కు ఆయుష్షు అప్పటికే సగం పోయి ఉండవచ్చు. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనును బ్యాంకు ఖాతా ఉన్న, మోసగాళ్ల ఫోన్లు ఎక్కువగా వచ్చే పెద్దవాళ్ల చేతికి ఇస్తున్నాం.

పాకాల వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది. కొడుకు ఇచ్చిన ఆరేళ్ల నాటి ఫోను, బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. "నాయనా, నాకేదో తెలియక పాడు చేసినట్టున్నాను" అంది. ఆమె ఏమీ పాడు చేయలేదు. ఆ పాత ఆండ్రాయిడ్‌లో ఇక యాప్ నడవదు, అంతే. కొడుకుతో మాట్లాడాను. మరుసటి వారం అతను మధ్యరకం ధరలో, అప్‌డేట్లు ఎక్కువ కాలం వచ్చే ఫోను కొని తల్లితో పాటు కొట్టుకు వచ్చాడు. భారత్‌లో అమ్మే ప్రతి ఫోనూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలనూ చూపగలగాలనే ప్రమాణం ఉంది. కానీ దుకాణంలో ఎవరూ ఆ సెట్టింగు తెరిచి చూపరు. భాషను తెలుగుకు మార్చి, అక్షరాలు పెద్దవి చేసి, తెలుగు కీబోర్డు పెట్టి ఆమె చేతికి ఇచ్చాను. కూతురు పంపిన సందేశాన్ని ఆమె కూడబలుక్కుంటూ పైకి చదివింది. తర్వాత జవాబు టైపు చేయడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. కొడుకు, నేను మాట్లాడకుండా కూర్చున్నాం.