తమ్ముడి స్థలం, అన్న ఓటు: ఇంగ్లండ్ కౌన్సిళ్లలో శిక్ష ఎలా పోయింది

నియమావళిని తీవ్రంగా ఉల్లంఘించిన కౌన్సిలర్లను ఆరు నెలల వరకు సస్పెండ్ చేసే అధికారం తిరిగి తేవాలని ఇంగ్లండ్‌లో ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రతిపాదించి, జనాభిప్రాయం కోరింది. సస్పెన్షన్ కాలంలో భత్యం ఆపడం, పదే పదే సస్పెండ్ అయ్యేవారిపై అనర్హత వేటు వేయడం కూడా అందులో ఉన్నాయి. దాంతో ఈ అధికారం ఉండాలా వద్దా అన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది.

ఈ కథ ఎవరు చెప్పినా పౌల్సన్ కుంభకోణంతోనే మొదలుపెడతారు. కాంట్రాక్టుల కోసం పౌల్సన్ అనే ఆర్కిటెక్టు డబ్బు వెదజల్లడం, 1974లో అతడితోపాటు న్యూకాజిల్ కౌన్సిల్ మాజీ నేత టి. డాన్ స్మిత్ జైలుకు వెళ్లడం తెలిసిన సంగతులే. కానీ అది లంచం కేసు. లంచానికి అప్పుడూ చట్టం ఉంది, ఇప్పుడూ ఉంది. నేటి పేచీ లంచం తీసుకోకుండానే సొంతవాళ్లకు మేలు జరిగే చోట కూర్చుని చెయ్యెత్తే కౌన్సిలర్ గురించి. దాని మూలం 2012లో ఉంది. 2012 అర్థం కావాలంటే 2000 నాటి చట్టం చూడాలి.

ఆ ఏడాది వచ్చిన స్థానిక ప్రభుత్వ చట్టం స్టాండర్డ్స్ బోర్డును పుట్టించింది. కౌన్సిలర్ల మీద ఫిర్యాదులు అక్కడికి వెళ్లేవి. పెద్ద కేసుల్లో తీర్పు చెప్పే అడ్జుడికేషన్ ప్యానెల్ ఐదేళ్ల వరకు అనర్హులుగా ప్రకటించగలిగేది. అధికారానికి లోటు లేదు. లోపమల్లా రెండు వేర్వేరు తప్పులను ఒకే గాటన కట్టడంలో ఉంది. సభలో దురుసుగా మాట్లాడినవాడూ, తన భూమి విలువ పెంచే తీర్మానానికి ఓటేసినవాడూ ఒకే నియమావళి కింద, ఒకే వరుసలో నిలబడాల్సి వచ్చింది. 2006 ఫిబ్రవరిలో ఒక విలేకరిని కాన్సంట్రేషన్ క్యాంపు కాపలాదారుతో పోల్చినందుకు లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్‌ను ప్యానెల్ నాలుగు వారాలు సస్పెండ్ చేసింది. అదే ఏడాది అక్టోబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఎన్నికైన మేయర్‌ను మాట జారినందుకు పక్కన పెడతారా అన్న ప్రశ్న జనంలో నాటుకుపోయింది. ఆ తర్వాత బోర్డు పేరెత్తితే గుర్తొచ్చింది మాటల తగాదాలే. డబ్బు, భూమి కేసులు మరుగున పడ్డాయి.

2010లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం, పనికిమాలిన ఫిర్యాదులకు ఇదొక అడ్డా అయిందంటూ లోకలిజం చట్టం 2011తో బోర్డును రద్దు చేసింది. 2012 మార్చి 31తో అది మూతపడింది. మాటలపై శిక్ష తీసేయాలనుకుంటే అంతవరకే తీసేయొచ్చు. అన్నీ ఒకే గాటన కట్టి ఉన్నాయి కాబట్టి దాంతోపాటు సస్పెన్షన్ మొత్తం పోయింది. వేల్స్ మాత్రం ఫిర్యాదులు విచారించే తన అంబుడ్స్‌మన్ వ్యవస్థను అలాగే ఉంచుకుంది.

మిగిలిందేమిటో వివరంగా చూడాలి. కౌన్సిలర్ ఎన్నికైన 28 రోజుల్లో తన ఆర్థిక ప్రయోజనాలను, కౌన్సిల్ పనులు చట్టం ప్రకారం సాగేలా చూసే మానిటరింగ్ ఆఫీసర్‌కు తెలియజేయాలి. ఉద్యోగం, వ్యాపారం, కౌన్సిల్‌తో కాంట్రాక్టు, కౌన్సిల్ పరిధిలోని భూమి, ఒక స్థాయి మించిన వాటాలు ఇందులోకి వస్తాయి. తనవి, తన జీవిత భాగస్వామివి మాత్రమే. తోబుట్టువులు, తల్లిదండ్రులు, ఎదిగిన పిల్లలు ఈ లెక్కలో లేరు. కానుకలు, విందులు రాయాలన్న చట్టపు నిబంధన కూడా లేదు.

ప్లానింగ్ కమిటీలో ఒక స్థలానికి ఇళ్ల అనుమతి చర్చకు వచ్చిందనుకుందాం. స్థలం కౌన్సిలర్ భార్యదైతే అతను చర్చలో పాల్గొనకూడదు, ఓటేయకూడదు. అయితే ఆ వివరం ముందే ఈ ప్రయోజనాల రిజిస్టర్‌లో ఉంటే సభలో నోరు విప్పి చెప్పాలని చట్టం అడగదు. గది విడిచి వెళ్లాలా వద్దా అన్నది ఆ కౌన్సిల్ సొంత నిబంధనల ఇష్టం. అదే స్థలం తమ్ముడిదైతే ఈ చట్టం అడ్డురాదు. స్థానిక నియమావళి తప్పుపట్టినా మందలింపు తీర్మానం, శిక్షణ, కమిటీ నుంచి తప్పించడం దాటి కౌన్సిల్ ముందుకెళ్లలేదు. తప్పించడానికీ చాలాసార్లు పార్టీ గ్రూపు ఒప్పుకోవాలి.

భార్య స్థలం విషయంలో ఈ నియమాన్ని ఉల్లంఘిస్తే? దాన్ని 2011 చట్టం నేరం చేసింది. వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ కేసు పోలీసుల దగ్గరికి వెళ్లాలి, ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపించే ప్రాసిక్యూషన్ల డైరెక్టర్ తరఫునే నడవాలి, తప్పు జరిగిన మూడేళ్లు దాటాక పెట్టడానికి వీల్లేదు. హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే లాభాపేక్ష లేని సంస్థ) డైరెక్టర్‌గా ఉంటూ దానికి సంబంధించిన చర్చలో పాల్గొన్న డోర్సెట్ కౌన్సిలర్ ఒకరిని 2015లో కోర్టు దోషిగా తేల్చింది. చివరికి పడింది ఆరు నెలల షరతులతో కూడిన విడుదల (ఆ గడువులో మరో నేరం చేయకుంటే శిక్ష లేనట్టే), ఖర్చుల చెల్లింపు. అటు క్రిమినల్ కోర్టు, ఇటు మందలింపు. ఈ రెంటికీ మధ్య పనికొచ్చే శిక్ష ఒక్కటీ లేదు.

శిక్షించడానికి బ్యాలెట్ పెట్టె ఉందిగా అన్నది వ్యతిరేకుల వాదన. 2022లో అప్పటి ప్రభుత్వమూ అదే చెప్పి సస్పెన్షన్‌ను తిరస్కరించింది. కానీ ఎన్నిక నాలుగేళ్లకోసారి వస్తుంది, ఇళ్ల అనుమతి ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

ఆ ప్రభుత్వం పక్కన పెట్టింది ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రజా జీవిత ప్రమాణాల కమిటీ 2019 జనవరి నివేదికను. క్రిమినల్ నేరం ఎత్తేయండి, బదులుగా ఆరు నెలల సస్పెన్షన్ ఇవ్వండి, 50 పౌండ్లు దాటిన కానుకలు రాయించండి అని అది అడిగింది. చర్చ నుంచి తప్పుకోవాల్సిన కొలతనూ మార్చమంది. విషయం తెలిసిన మామూలు మనిషి చూస్తే, ఈ ప్రయోజనం ఇతని తీర్పును పక్కదారి పట్టిస్తుందని సబబుగా అనుకుంటాడా, లేదా? ఆ కొలతతో చూస్తే తమ్ముడి స్థలం చర్చకు వచ్చిన సాయంత్రం అన్న చెయ్యి లేవకూడదు.