ఊరికే వచ్చే టీకా నాసిరకమా? అపోహలు – వాస్తవాలు

టీకాలు వేసే పనిలో ఏళ్ల తరబడి ఉన్నాను. వారం తిరక్కుండా వినే మాట ఇది: "విదేశీ సాయంతో వచ్చినవట కదా సిస్టర్, వాళ్లకు అక్కర్లేనివి మన పిల్లల మీద ప్రయోగిస్తున్నారట."

శుద్ధ అబద్ధం. ఇలాంటి టీకాలు కొనిపెట్టే ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యూనిసెఫ్ ఏది పడితే అది కొనదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారీ తీరును తనిఖీ చేసి, నమూనాలు పరీక్షించి, ముందస్తు అర్హత, అంటే కొనొచ్చన్న ఆమోదం ఇవ్వాలి. ఏ టీకా అవసరమో తేల్చేది ఆ దేశ ప్రభుత్వమే, తన నిపుణుల సలహాతో. పూర్తిగా దానమూ కాదు. పేద దేశాలకు టీకాలు అందేలా తోడ్పడడానికి 2000లో మొదలైన గావి కూటమి సాయం తీసుకునే దేశాలు తమ వాటా కడతాయి, ఆదాయం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. 1980లో మశూచి ఇక లేదని ప్రకటించగలిగారంటే, ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటున్న అమెరికా, సోవియట్ యూనియన్ కూడా ఆ పనికి చేతులు కలపడం వల్లే.

ఒక తండ్రి ఇదే పుకారు విని, తొమ్మిదో నెల తట్టు టీకా వద్దని బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రెండు నెలలకు మళ్లీ అదే భుజం మీద తెచ్చాడు. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, పుసులు కట్టి తెరుచుకోని కళ్లు. బిడ్డ దక్కాడు. ఆయన్ని ఒక్క మాట అనలేకపోయాను. భయపడ్డ మనిషి ఆయన. నా కోపమంతా ఆ పుకారు ఫోన్లలో తిప్పినవాళ్ల మీదే.

అప్పటి నుంచి అడిగినవాళ్లకు సీసానే చూపిస్తున్నాను. దాని మీద ఊదారంగు గుండ్రం, మధ్యలో లేత రంగు చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. గుండ్రం రంగులో కలిసిపోయిందంటే ఆ సీసా వాడం. మీరూ అడిగి చూడండి, అది మీ హక్కు. అయితే ఈ గుర్తు వేడి సంగతే చెబుతుంది. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ లాంటివి గడ్డకట్టినా పాడవుతాయి, అనుమానం వస్తే వాటిని ఊపి పరీక్షిస్తాం.

టీకా తర్వాత జ్వరం వచ్చిందంటే వికటించిందా? చాలామందికి ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఒకేరోజు రెండు మూడు వేస్తే పసి ఒళ్లు తట్టుకుంటుందా? తట్టుకుంటుంది.

డోసు తప్పితే మొదటి నుంచి వేయాలా? అక్కర్లేదు, ఆగిన చోటు నుంచే వేస్తాం. తిడతామేమోనని కార్డు దాచుకుని ఇంట్లోనే ఉండిపోతున్న తల్లులారా, ఎన్ని నెలలు దాటినా బిడ్డను తీసుకుని రండమ్మా.