గబ్బిలాన్ని చంపేది బూజా, మెలకువా?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ళకు బూజు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కాయ బాగా ఎండి, తేమ 10–11 శాతానికి దిగాక టిక్కీ (మిర్చి బస్తా) లోపలికి వెళ్తే చలి దాన్ని నెలల తరబడి కాపాడుతుంది. చెమ్మ మిగిలితే మాత్రం చలి బూజును ఆపదు, కాస్త నెమ్మదింపజేస్తుందంతే. ఇక చలి అంటేనే ప్రాణమయ్యే బూజు ఒకటుందనుకోండి. దానికి ఏడాది పొడవునా చల్లగా ఉండి, గాలిలో 90 శాతం పైగా తేమ ఉండే చీకటి గది దొరికిందనుకోండి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల గుహలు అచ్చం అలాంటి గదులే. అక్కడ గబ్బిలాల మీద పెరుగుతున్నది అలాంటి బూజే.

దాని మొదటి ఆనవాలు ఒక ఫొటో. 2006 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీ దగ్గరి హోవ్స్ కేవ్‌లో గుహలు చూడడానికి వెళ్ళిన ఒకరు తీసిన ఫొటోలో నిద్రపోతున్న గబ్బిలాల మూతుల మీద పిండి చల్లినట్టు తెల్లగా కనిపించింది. అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి చలికాలం ఆ చుట్టుపక్కల గుహల్లో వేల గబ్బిలాలు చచ్చి పడి ఉన్నాయి. కొన్ని పట్టపగలు మంచు మీద ఎగురుతూ కనిపించాయి. ఆ చలిలో వాటికి తినడానికి ఒక్క పురుగు కూడా దొరకదు. ఈ జబ్బుకు ‘వైట్ నోస్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. తెల్లముక్కు జబ్బు అనుకోవచ్చు. పేరు ముక్కుదే కానీ అసలు నష్టం రెక్కకు.

ఆ నష్టం అర్థం కావాలంటే ముందు శీతాకాల నిద్ర అంటే ఏమిటో తెలియాలి, ఎందుకంటే మన కృష్ణా తీరపు గబ్బిలాలకు ఆ అవసరమే రాదు. సంక్రాంతి రోజుల్లో కూడా విజయవాడ వీధిదీపాల చుట్టూ పురుగులు ముసురుతూనే ఉంటాయి. న్యూయార్క్‌లో అక్టోబరు దాటితే పురుగు కనబడదు. అక్కడి చిన్న గోధుమరంగు గబ్బిలం చలికాలం ముందు తెగ తిని, రెండు గ్రాములకు పైగా కొవ్వు కూడబెట్టుకుని గుహలోకి వెళ్తుంది. ఒళ్ళంతా కలిపినా రెండు మూడు రూపాయి నాణేల బరువు. లోపలికి వెళ్ళాక ఒంటి వేడిని గుహ చలికి దగ్గరగా, 5–8 డిగ్రీల వరకు దించేస్తుంది. ఇది మామూలు నిద్ర కాదు, శరీరాన్ని దాదాపు ఆపేయడం. అలా ఆరు నెలలు గడపాలి.

అయితే ఆరు నెలలూ ఏకబిగిన పడుకోదు. రెండు వారాలకోసారి లేస్తుంది. ఒంటిని మళ్ళీ 35 డిగ్రీలు దాటేదాకా వేడి చేసుకుంటుంది, నీళ్ళు తాగుతుంది, కాసేపుండి మళ్ళీ చల్లబడుతుంది. ఇలా లేచిన ప్రతిసారీ సుమారు 0.1 గ్రాము కొవ్వు కరుగుతుంది. అంత కొవ్వుతో కదలకుండా పడుకుంటే రెండు నెలలు గడిచిపోతాయి. చలికాలం మొత్తంలో పదిహేను సార్లు లేస్తే గ్రామున్నర ఖర్చు. చేతిలో ఉన్నది రెండు గ్రాముల పైచిలుకు. రోగం దాడి చేసేది సరిగ్గా ఈ లెక్క మీదే.

బూజును విడదీసి 2009లో శాస్త్రీయంగా వర్ణించారు, జియోమైసిస్ డిస్ట్రక్టన్స్ అన్నారు. 2013లో ప్రజాతి మార్చి సూడోజిమ్నోఆస్కస్ డిస్ట్రక్టన్స్ చేశారు. ఇది 12–16 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, 20 డిగ్రీలు దాటితే పెరగదు. అప్పటికి పెద్ద వాదన ఇదే: బూజు అసలు రోగమా, వేరే రోగంతో నీరసించిన గబ్బిలం మీద చేరిన రెండో సరుకా? చర్మం మీది బూజు ప్రాణం తీయడం అరుదు కాబట్టి ఆ అనుమానంలో న్యాయముంది. 2011లో ఆరోగ్యంగా ఉన్న గబ్బిలాలకు ల్యాబులో ఈ బూజు పూస్తే 102 రోజుల్లో అన్నిటికీ జబ్బు వచ్చింది. కారణమెవరో తేలింది కానీ, అదే చంపుతోందని ఆ ప్రయోగం చూపలేకపోయింది. ఆ వెలితిని మరుసటి ఏడాది కెనడాలో జరిగిన ప్రయోగం పూడ్చింది. బూజు సోకినవి చలికాలం చివరికొచ్చేసరికి సోకనివాటికంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువసార్లు లేచాయి. కొవ్వు ముందే అయిపోయి చనిపోయాయి. ఐరోపా నుంచి తెచ్చిన బూజు కూడా అంతే చేసింది. ఐరోపా గబ్బిలాలు మాత్రం ఇదే బూజును మోస్తూ కూడా గుంపులుగా చావవు. బూజు పుట్టిల్లు అటే అనడానికి ఇది బలమైన ఆధారమైంది.

ఎందుకు లేస్తున్నాయి? బూజు రెక్క చర్మంలోకి దిగి చిన్న చిన్న గిన్నెల్లాంటి గుంటలు తినేస్తుంది. గబ్బిలం ఒంటి చర్మంలో ఎక్కువ భాగం రెక్కే. ఒంట్లో నీటినీ లవణాల్నీ నిలిపేదీ అదే. అది చిల్లులు పడితే ఒంట్లో నీరు ఆవిరవుతుంది, దాహం వేస్తుంది, గబ్బిలం లేస్తుంది. 2014లో కొలిచి చూస్తే, జబ్బు ఇంకా ముదరక ముందే రక్తంలో కార్బన్ డయాక్సైడ్, పొటాషియం పెరిగి, శక్తి ఖర్చు రెండింతలైంది. అంటే బూజు నేరుగా గొంతు నొక్కదు, నిద్ర పాడుచేస్తుంది. లేవడం గబ్బిలం తన్ను తాను కాపాడుకునే పద్ధతి. ఆ పద్ధతే దాని కొవ్వును ఊడ్చేస్తోంది.

రోగనిరోధక శక్తి కథ ఇంకా విచిత్రం. ఒళ్ళు చల్లబడినప్పుడు తెల్లకణాల పని దాదాపు ఆగిపోతుంది, బూజుకు అడ్డు ఉండదు. వసంతంలో ఒళ్ళు వేడెక్కగానే ఆ సైన్యమంతా ఒక్కసారిగా బూజు పట్టిన రెక్క మీద విరుచుకుపడుతుంది. చలికాలం గట్టెక్కిన గబ్బిలాలు కొన్ని ఆ దెబ్బకే రెక్క పాడై చనిపోతాయి. ఎయిడ్స్ రోగులకు మందులు మొదలుపెట్టాక ఒక్కోసారి కనిపించే విపరీత ప్రతిస్పందన ఇలాంటిదేనని పరిశోధకులు పోల్చారు.

2012 నాటికి చచ్చినవి 57 లక్షల నుంచి 67 లక్షలని అమెరికా వన్యప్రాణి శాఖ అంచనా వేసింది. చిన్న గోధుమరంగు గబ్బిలం, ఉత్తరపు పొడవు చెవుల గబ్బిలం, మూడు రంగుల గబ్బిలం జబ్బు సోకిన చోట్ల 90 శాతం పైగా తగ్గిపోయాయి. ఏడాదికి ఒకటి రెండు పిల్లలే కాబట్టి కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. పెద్ద గోధుమరంగు గబ్బిలం మాత్రం అంతగా దెబ్బ తినలేదు.

మిగిలినవి ఏం చేస్తున్నాయి? గుంపుగా అతుక్కుని పడుకునే చిన్న గోధుమరంగు గబ్బిలాలు జబ్బు వచ్చాక ఎక్కువగా విడివిడిగా పడుకుంటున్నాయి. కొన్ని గుహల్లో బతికినవి చలికాలం మొదట్లోనే మునుపటికంటే లావుగా కనిపించాయి. పాత లెక్కకు ఇది నేరుగా జవాబు: లేవడం తప్పనప్పుడు నిల్వ పెంచుకోవాలి. తప్పు లెక్క వేసేవీ ఉన్నాయి. మిషిగన్, విస్కాన్సిన్‌లలో చాలా గబ్బిలాలు ఇప్పటికీ కాస్త వెచ్చటి చోట్లనే ఎంచుకుంటున్నాయి. ఒకప్పుడు అది మంచి ఎంపిక. ఇప్పుడు బూజు అక్కడే ఎక్కువ పెరుగుతుంది, చావులూ అక్కడే ఎక్కువ.

ఇందులో పత్తి, మిర్చి రైతుకు సంబంధించిన ముక్క ఒకటుంది. గబ్బిలాలు పోయిన అమెరికా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) రైతులు పురుగుమందు వాడకం 31 శాతం పెంచారని, ఆ కౌంటీల్లో శిశుమరణాలు దాదాపు 8 శాతం పెరిగాయని 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కకట్టింది. పురుగు తినే చిన్న గబ్బిలం చేసే పని విలువ అది పోయాకే మందు బిల్లులో కనబడింది.

గబ్బిలం పేరెత్తగానే నిఫా గుర్తొచ్చే రోజులివి, కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ బూజు మనుషులకు అంటదు. 37 డిగ్రీల ఒంట్లో అది బతికి పెరగలేదు. మన మైదానాల గుహల్లో, గుడి గోపురాల్లో కూడా అంతే. గుహ లోపలి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది, విజయవాడ సగటు 28 డిగ్రీల దగ్గర. అంత వేడిలో ఈ బూజు పెరగదు.

ప్రమాదం చెప్పుల్లో ఉంది. గబ్బిలం లేని గుహలో కూడా బూజు బీజాలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి, మట్టితో పాటు బూట్లకు అంటుకుని ప్రయాణిస్తాయి. అందుకే 2009 మార్చిలో జబ్బున్న రాష్ట్రాల్లో గుహల్లోకి వెళ్ళొద్దని అమెరికా ప్రభుత్వం కోరింది. కెంటకీలోని మామత్ కేవ్ చూసి బయటికొచ్చేవాళ్ళని ఇప్పటికీ సబ్బునీళ్ళ చాపల మీద నడిపిస్తారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి అలాంటి గుహ చూసొచ్చిన పెద్దవాళ్ళు, తర్వాత ఏ హిమాలయ యాత్రలోనో చల్లటి గుహలోకి అవే బూట్లతో వెళ్ళకూడదు. అక్కడ వాడిన బట్టలు, బూట్లకు ముందు మట్టి పూర్తిగా దులిపి కడగాలి, మట్టి ఉంటే వేడి లోపలికి చేరదు. ఆ తర్వాత 55 డిగ్రీల నీళ్ళలో కనీసం 20 నిమిషాలు పూర్తిగా ముంచి ఉంచాలి. గీజరు నీళ్ళు బకెట్లో పోసి వదిలేస్తే పది నిమిషాల్లో చల్లారిపోతాయి కాబట్టి వేడినీళ్ళు మారుస్తూ ఉండాలి. కెమెరా, టార్చి లాంటివి ముంచలేం, వాటిని 70 శాతం ఆల్కహాల్ వైప్‌లతో తుడవాలి. తోలు బూట్లను రెండో గుహకు తీసుకెళ్ళకపోవడమే నయం.