చీపురు పట్టే ముందు టేపు పట్టండి: పాత కట్టడాల చరిత్రపై అపోహలు – వాస్తవాలు

పాత కట్టడాల కొలతలు తీయడం, వాటి చరిత్ర రాయడం విద్యార్థులకు నేర్పడం నా పని. ఏ బ్యాచ్ వచ్చినా మొదటి రోజు గొడవ ఒకటే. నేను వెళ్ళేసరికి చేతుల్లో చీపుళ్ళు, వైరు బ్రష్షులు సిద్ధంగా ఉంటాయి. "సార్, ముందు శుభ్రం చేసేస్తాం, ఫొటోలు బాగా వస్తాయి!" ఆ ఉత్సాహం చూస్తే తిట్టబుద్ధి కాదు. కానీ బ్రష్షులు మాత్రం లాక్కుని కారు డిక్కీలో పడేస్తాను.

అపోహ: ముందు శుభ్రం చేసి, రిపేర్లు కూడా అయ్యాక తీరిగ్గా చరిత్ర రాసుకోవచ్చు.

వాస్తవం: అప్పటికి రాయడానికి ఏమీ మిగలదు. గోడకు వేసిన సున్నాలు, రంగులు ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకుని ఉంటాయి. వేలెడంత మేర జాగ్రత్తగా గీరితే ఏ రంగు తర్వాత ఏ రంగు వేశారో వరసగా బయటపడుతుంది. దూలాల మీద వడ్రంగి వేసుకున్న గుర్తులుంటాయి. గోడలో నిలువుగా ఒక అతుకు కనిపిస్తే అక్కడ కిటికీ మూసేశారనో, పక్క గది తర్వాత కట్టారనో అనుమానించాలి. తీసేసిన మెట్ల జాడ గోడ మీద మెట్లుమెట్లుగానే ఉండిపోతుంది. ఇవి ఏ దస్తావేజులోనూ దొరకవు. వైరు బ్రష్షుకి ఒక్క పూట చాలు, అన్నీ పోతాయి.

ఓసారి నేను ఒక పాత బడి భవనానికి ఒక రోజు ఆలస్యంగా వెళ్ళాను. పిల్లలు అప్పటికే గోడలు తళతళలాడేలా తోమేశారు. ఒక గుమ్మం పక్కన పెన్సిలుతో చిన్న చిన్న అంకెలేవో ఉండేవని, "పిచ్చిగీతలు" అనుకుని చెరిపేశామని సాయంత్రం టీ తాగుతూ చెప్పారు. అవి మేస్త్రీ లెక్కలో, పిల్లల ఎత్తులో, ఇక ఎప్పటికీ తేలదు. తప్పు వాళ్ళది అనలేను. ముందే చెప్పకుండా వదిలేసింది నేను.

రిపేరు సంగతి ఇంకా ఘోరం. "సిమెంటు గట్టిది కదా సార్" అంటారు. ఆ గట్టితనమే కొంప ముంచుతుంది. సున్నంతో కట్టిన గోడ, లోపలి తేమను అతుకుల గుండా బయటికి వదులుతుంది. ఆ అతుకుల్లో సిమెంటు నింపితే దారి మూసుకుపోతుంది. తేమ ఇటుకలోంచే బయటికి వస్తుంది, కొన్నాళ్ళకి ఇటుక ముఖం పెచ్చులుగా రాలిపోతుంది. పైగా కాలం తేల్చడానికి పనికొచ్చే ఆధారం కూడా పాడవుతుంది. ఇప్పుడు మనం మామూలుగా వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకి ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1824లో. ఒక గోడ అసలు కట్టుబడిలోనే ఆ సిమెంటు ఉంటే, ఆ గోడ అంతకంటే పాతది కాదని ఖాయంగా చెప్పొచ్చు. పాత అతుకులన్నీ తవ్వేసి మీరే కొత్తగా సిమెంటు నింపితే ఇక తేల్చేది ఏముంది?

కాబట్టి వరస ఇది. ఎక్కడిదక్కడ ఉండగానే, పక్కన స్కేలు పెట్టి ఫొటో. తర్వాత కొలతలు. గోడ ఒక చివర సున్నా పెట్టుకుని, టేపు ఎత్తకుండా వరసగా చదవండి. ముక్కలు ముక్కలుగా కొలిస్తే తప్పులన్నీ కలిసి పెరుగుతాయి. పాత గదుల మూలలు సరిగ్గా ఉంటాయని నమ్మొద్దు, కర్ణాలు రెండూ కొలవండి. ప్రతి కాగితం మీదా తేదీ, కొలిచినవాళ్ళ పేరు. అప్పుడు చీపురు. కప్పు కుంగినట్టుంటే మాత్రం లోపలికి అడుగే పెట్టొద్దు, బయటి నుంచి ఎంత వస్తే అంత.

అపోహ: విద్యార్థుల డ్రాయింగులు మార్కుల కోసమే.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ రాజధాని వార్సా చారిత్రక కేంద్రం 85 శాతానికి పైగా నేలమట్టమైంది. ఆ పాత నగరాన్ని తిరిగి కట్టేటప్పుడు అక్కరకొచ్చిన వాటిలో అక్కడి పాలిటెక్నిక్ ఆర్కిటెక్చర్ విద్యార్థులు గీసిన కొలతల డ్రాయింగులు ఉన్నాయి. యుద్ధకాలంలో వాటిని ఒక మఠంలో దాచి కాపాడారు. 1980లో ఆ పాత నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గీసిన రోజున వాళ్ళక్కూడా అది హోంవర్కే.

అపోహ: కొలతలు తీయనిస్తే ఇల్లు ప్రభుత్వం లాక్కుంటుంది.

వాస్తవం: ఈ భయంతో తలుపు వేసేసుకునేవాళ్ళ మీద నాకు కోపం రాదు. ఉన్నది ఆ ఒక్క ఇల్లే అయితే ఎవరికైనా టెన్షనే. రక్షిత కట్టడంగా ప్రకటించడానికి వేరే చట్టపరమైన పద్ధతి ఉంటుంది. టేపు పట్టుకొచ్చిన విద్యార్థికి ఆ అధికారం లేదు. ఏం రాస్తారో, ఎక్కడ పెడతారో ముందే చెప్పండి. డ్రాయింగుల కాపీ ఒకటి ఇంటివాళ్ళకి ఇవ్వండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

అపోహ: శిలాఫలకం మీద ఉన్న ఏడాదే భవనం వయసు.

వాస్తవం: అది శంకుస్థాపనదో, ప్రారంభోత్సవానిదో, తర్వాత వేసిన అంతస్తుదో, ఎక్కడి నుంచో తెచ్చి పెట్టిందో చూసుకోండి.

ఇక సొరంగం. ప్రతి పాత భవనం కిందా ఒక రహస్య సొరంగం ఉంటుందట, అది పక్క ఊరి దాకా పోతుందట. చూసినవాళ్ళు మాత్రం ఎప్పుడూ చెప్పేవాళ్ళ తాతగారే. విన్నది విన్నట్టు, ఎవరు చెప్పారో పేరుతో సహా, "వినికిడి" అనే శీర్షిక కింద రాయండి. ఇప్పటిదాకా నన్ను వెంటబెట్టుకెళ్ళి చూపించిన సొరంగాల్లో రెండు మురుగు కాలువలు, ఒకటి బొగ్గు కొట్టు.