అందరూ ఒకే స్వరం వాయిస్తే

1977 మే నెలలో అమెరికా హిట్ పాటల పట్టికలో మొదటి స్థానానికెక్కింది ‘సర్ డ్యూక్’. మూడేళ్ల ముందు చనిపోయిన జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్‌కి అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ పెట్టిన దండం అది. కౌంట్ బేసీ, ఎల్లా ఫిట్జెరాల్డ్ లాంటివాళ్లనూ అందులో తలుచుకుంటాడు. నన్ను పట్టి కుదిపేసింది మాత్రం సాహిత్యం కాదు. పల్లవి అయ్యాక మాటలు ఆగిపోయి ట్రంపెట్లు, శాక్సఫోన్లు, బేస్ గిటారు అన్నీ ఒకే వరసని గడగడా వాయించేస్తాయి చూడండి, అదీ! స్థాయిలు వేరు, స్వరాలు అవే. మరి అంత నిండుదనం ఎక్కడిది?

జనం పెరిగితే శబ్దం పెరుగుతుందిగా అంటారు. పెరుగుతుంది, కానీ నలుగురు ట్రంపెట్ వాయిస్తే ఒక్కడి కంటే దాదాపు 6 డెసిబెల్సే ఎక్కువ. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 కావాలి, అంటే పదిమంది!

కిటుకంతా కాస్తంత శ్రుతి తేడాలో ఉంది. ఒక ట్రంపెట్ 440 హెర్ట్జ్ (అంటే సెకనుకి 440 కంపనాలు), పక్కది 442 పలికితే శబ్దం సెకనుకి రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన విస్పందనాలు ఇవే. అక్కడ మనతో తీసివేత చేయించి మార్కులిచ్చారే గానీ, ఒక్కసారైనా వినిపించారా? తంబురా శ్రుతి చేసేవాళ్లు రోజూ వింటారు. నడిమి రెండు తీగల మధ్య ఆ ఊగుడు ఆగేదాకా బిరడా తిప్పి, పూస జరుపుతారు.

ట్రంపెట్ 440తో ఆగదు. దాని మీద రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్లుండే సన్నని స్వరాలు, అంటే 880, 1320, 1760, 2200 హెర్ట్జ్ అనుస్వరాలూ పలుకుతాయి. 442 వాడివి 884, 1326, 1768, 2210. తేడాలు వరసగా 4, 6, 8, 10. అడుగున నెమ్మదిగా ఊగేది పైకెళ్లేకొద్దీ వణుకవుతుంది. మూడోవాడు 439 పలికితే ఒక్కో మెట్టు మీద మూడు జతలు, మూడు వేగాలు. పైగా ఊపిరితో వాయించేవాళ్ల శ్రుతి ఒకచోట నిలవదు కాబట్టి ఈ అల్లిక అచ్చంగా తిరిగి రాదు. అందుకే ఒకే రికార్డింగుని దానిమీదే కాపీ చేసి పేర్చినా గట్టిగా వాయించే ఒక్క ట్రంపెట్టే వినిపిస్తుంది. కీబోర్డులో కోరస్ బటన్ చేసేది ఆ లోటు పూడ్చడమే: కాపీని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని అటూ ఇటూ కదుపుతుంది.

‘సర్ డ్యూక్’లో ఇంకో తమాషా ఉంది. ఆ వరస పరుగెత్తుతుంది, చాలా స్వరాలకి అర సెకను కూడా దక్కదు. సెకనుకి రెండుసార్లు ఊగే అడుగు స్వరానికి ఒక్క ఊపైనా పూర్తికాదు. సెకనుకి పదిసార్లు, ఇరవైసార్లు వణికే పై అనుస్వరాలకే ఆ టైం సరిపోతుంది. దాంతో కింద స్వరం రాయిలా నిలబడి, పైన మెరుపు మాత్రమే కదులుతుంది.