పనిముట్టుకు డబ్బుంది, నేర్చుకునే రోజులకే లేదు

కలంతో బట్ట మీద బొమ్మలు గీసే శ్రీకాళహస్తి కలంకారీలో ఆ కలం ఖరీదు లెక్కలోకి రాదు. వెదురు పుల్ల, కొసన చుట్టిన ఉన్ని, బిగించడానికి దారం, అంతే. ఖర్చంతా బట్టకూ రోజులకూనే. బట్టకున్న గంజి వదిలేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరేస్తారు. పాలు పలచనైతే గీసిన గీత పాకిపోతుంది. నల్ల రంగు కోసం తుప్పు ఇనుము, బెల్లం ఒక కుండలో వేసి నీళ్లు పోసి మూడు వారాల దాకా ఊరబెట్టాలి. ఎరుపు పటిక రాసిన చోటే పట్టుకుంటుంది కాబట్టి చెయ్యి జారితే ఆ ముక్క పోయినట్టే. కొత్తగా దిగినవాళ్లకు బట్టలు పాడవకుండా పని రాదు.

1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు ఈ సంగతి తెలుసు. బోర్డు అధ్యక్షురాలు కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ పని నేర్పారు. అంతరించిపోతుందనుకున్న విద్య మళ్లీ ఊళ్లో నిలబడింది.

ఆ తర్వాత సర్కారు చూపు పండిన చేతుల మీదికి మళ్లింది. చేతిపనివాళ్లకు 1965 నుంచి జాతీయ అవార్డులు, 2002 నుంచి శిల్పగురు పురస్కారం. శిల్పగురుకు యాభై ఏళ్లు నిండాలి. గౌరవం సరే, పాతికేళ్లవాడికి దానితో పనేముంది?

చిన్నవాళ్ల కోసమని ఉన్నది కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్పు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. చిత్రకళ, శిల్పం, కుండల పని, తోలుబొమ్మలాట అందులోకి వస్తాయి. చిక్కల్లా డబ్బు ఆర్నెల్లకోసారి రావడమే. అప్పటిదాకా రంగులూ బట్టా అప్పు మీదే.

2023 సెప్టెంబరు 17న వచ్చిన పీఎం విశ్వకర్మ చాలా పెద్ద పథకం. 18 వృత్తులకు వర్తిస్తుంది. 15,000 రూపాయల పనిముట్ల వోచరు, 5–7 రోజుల ప్రాథమిక శిక్షణలో రోజుకు 500 భత్యం, తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షలు. బొమ్మలు చేసేవాళ్లు జాబితాలో ఉన్నారు కాబట్టి కొండపల్లి కుర్రాడికి దారి ఉంది. కలంకారీ పేరు ఆ పద్దెనిమిదిలో లేదు.

కొండపల్లిలోనూ ఒక మెలిక ఉంది. భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు కలిపి ఒక కుటుంబం, అందులో ఒక్కరికే నమోదు. నాన్న పేరు ముందే ఎక్కితే పెళ్లికాని కొడుకు దరఖాస్తు తిరిగొస్తుంది. ఇంట్లో ఎవరి పేరు ఇవ్వాలో తేల్చుకున్నాకే కామన్ సర్వీస్ సెంటరులో వేలిముద్ర వేయడం మంచిది.

మొదటి లక్ష 18 నెలల్లో తీర్చాలి, అంటే నెలకు సుమారు 5,800. బొమ్మలకు గిరాకీ దసరా, సంక్రాంతి బొమ్మల కొలువులప్పుడు. వేసవిలో తీసుకుంటే మొదటి నాలుగైదు వాయిదాలు చేతి డబ్బుతోనే కట్టాల్సి వస్తుంది.