అనంతపురం నుంచి మానసిక వైద్యానికి ఎంత దూరం?

రాత్రిపూట అనంతపురం బస్టాండులో బెంగళూరు బస్సు కోసం కూర్చున్నవాళ్లలో అక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు పోయేవాళ్లను ఇట్టే పోల్చుకోవచ్చు. నడుమ ఒక మనిషి మౌనంగా ఉంటాడు, అటొకరు ఇటొకరు కాపలా ఉన్నట్టు కూర్చుంటారు. బట్టల అంగడి కవర్లో పాత చీటీలు, ఆ మనిషి దండకు నల్లదారంతో తాయెత్తు. చీటీ మీద ‘ఎఫ్ 20’ అని ఉంటే అది స్కిజోఫ్రీనియా. తాయెత్తు కట్టినాయన లెక్కలో అది గాలి సోకడం. ఇంటోళ్లు రెండింటినీ వదులుకోరు.

ఈ పేర్లు పెట్టే పని పాతదే. చరక సంహిత ఉన్మాదాన్ని ఐదు రకాలు చేసింది: వాత, పిత్త, కఫాల వల్ల మూడు, అవన్నీ కలిసి ఒకటి, బయటినుంచి వచ్చిపడే ఆగంతుకం ఒకటి. మన ‘గాలి’ ఆ ఐదోదానికి చుట్టమే. జర్మన్ వైద్యుడు క్రెపలిన్ 1899 నాటికి, జబ్బు ఏళ్ల తరబడి ఎట్లా నడుస్తుందో చూసి రెండుగా విడదీశాడు. మనిషిని క్రమంగా కుంగదీసేది ఒకటి, వచ్చి పోతుండేది ఇంకొకటి. మొదటిదానికే తర్వాత స్విస్ వైద్యుడు బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టాడు. రెండోదాని నుంచే మితిమీరిన హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే నేటి బైపోలార్ జబ్బు పేరు వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోకి మానసిక జబ్బులు 1948లో ఎక్కాయి. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నా, మన చీటీల మీద పాత కూర్పులోని ‘ఎఫ్’ గుర్తు ఇంకా కనిపిస్తూనే ఉంది. జాబితాలో ఉన్నదల్లా జబ్బే అనుకోనక్కర్లేదు, స్వలింగ ఆకర్షణను అందులోంచి 1990లోగానీ తీసేయలేదు. షుగరుకు మాదిరి స్కిజోఫ్రీనియాను తేల్చే రక్తపరీక్ష లేదు. థైరాయిడ్, బీ12 లోపం, తాగుడు వంటివి కారణమేమో చూసుకుని, లక్షణాలను బట్టి పేరు పెడతారు. వంశంలో ఉండటం ఒక కారణం, బతుకు ఒత్తిడి మరొకటి. ఫలానాదే కారణమని ఒక్కదాన్ని చూపించే డాక్టరును నేను నమ్మను.

వైద్యం కథ మాత్రం మనకు దూరాల కథ. మన సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు పెద్దాసుపత్రి అంటే 1871లో మద్రాసులో తెరిచిన కిల్పాక్ అసైలమే (పిచ్చాసుపత్రి). 1912 చట్టం కింద మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మనిషిని లోపల పెట్టేవాళ్లు. 1952లో పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రొమజీన్‌ను ఈ రోగులకు వాడాక మాత్ర వేసుకుని ఇంట్లోనే ఉండే వీలు మొదలైంది. అంతకు ముందే, 1931లో, కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ ఉన్మాదానికీ రక్తపోటుకూ సర్పగంధ మూలిక పనిచేస్తుందని రాశారు. ఆ మాట ఎవరూ పెద్దగా ఎత్తరు.

1974లో నిమ్హాన్స్ వచ్చింది, 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం. ఆపైన నిమ్హాన్స్ వాళ్లు ప్రయోగానికి ఎంచుకున్నది బళ్లారిని. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు తర్ఫీదిచ్చి, నాలుగైదు రకాల మందులతోనే పల్లెల్లో వైద్యం నడిపించారు. ఆ నమూనాతోనే 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో జిల్లా కార్యక్రమం మొదలైంది. 1882లో అనంతపురం విడిపోయింది ఆ బళ్లారి నుంచే. గుంతకల్లులో రైలెక్కితే గంట ప్రయాణం. కానీ మధ్యలో రాష్ట్రం హద్దు ఉంది.

2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచే చోట మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. మత్తు ఇవ్వకుండా కరెంటు వైద్యం చేయకూడదంది. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకుని పై ప్రభుత్వాసుపత్రులన్నింటిలో ఉచితంగా ఇవ్వాలంది. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అయినా బస్టాండులో ఆ కవర్లు తగ్గలేదు. మాత్రలతో మనిషి కుదుటపడగానే ‘ఇంక చాల్లే’ అని ఆపేస్తారు, కొన్నాళ్లకు మళ్లీ మొదలు. దగ్గర్లో మందు దొరుకుతుందని తెలియక కొందరు పోతారు. తెలిసినవాళ్లలోనూ కొందరిది ఒకటే లెక్క: ఇక్కడి ఓపీ వరుసలో ఊరోళ్లు ఎవరో ఒకరు కనపడతారు, బెంగళూరులో ఎవరూ కనపడరు.